వాపు, బలుపు

‘వాపు చూసి బలుపు అనుకోవద్దు’ అంటారు మనవాళ్లు. మెదడు కాండంలో వచ్చే ఒక అరుదైన జబ్బుకు ఇంతకంటే సూటి వివరణ నాకు ఏ వైద్యగ్రంథంలోనూ దొరకలేదు.

వాచు నుంచి వాపు. చూచు–చూపు, కాచు–కాపు వరస. బలియు నుంచి బలుపు, అలయు–అలుపు లాగా. వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఇళ్లలో, కాలు ‘వాసింది’ అంటారు, బలిసింది అనరు. బలవడం తిండితో వచ్చేది: దూడ బలుస్తుంది, కండ బలుస్తుంది. మనిషి మీదికి వచ్చేసరికి బలుపు పొగరుకు పేరైంది, 2013లో సినిమా పేరూ అయింది. వాపు మాత్రం ఒంటిని విడిచిపోలేదు. లోపల ఏదో చెడిందని ఒళ్లు చెప్పే మాట అది.

గ్రీకులో ‘ట్రోఫే’ అంటే పోషణ. కాబట్టి హైపర్‌ట్రోఫీ అంటే అచ్చంగా బలుపే. కానీ మొదట చెప్పిన జబ్బు పేరు ‘హైపర్‌ట్రోఫిక్ ఆలివరీ డీజనరేషన్’లో ఆ పేరు పోయి వాపు మీద పడింది.

మెదడు కాండం కింది భాగమైన మెడుల్లాలో రెండు పక్కలా ఆలివ్ కాయ ఆకారంలో నరకణాల ముద్దలుంటాయి. వాటికి మధ్యమెదడులోని ఎర్ర కేంద్రకంతో, చిన్నమెదడులోని డెంటేట్ కేంద్రకంతో ఉన్న లంకెను 1931లో ఫ్రెంచి వైద్యులు గియాఁ, మొల్లారే ఒక త్రిభుజంగా వివరించారు. బీపీ పెరిగి మెదడు కాండంలోని పాన్స్‌లో రక్తస్రావమైనా, ఆపరేషన్‌లో దెబ్బ తగిలినా ఆ దారి తెగొచ్చు. తెగితే, ఆలివ్‌ను అదుపులో పెట్టే సంకేతాలు ఆగిపోతాయి. దారి తెగిన నరకణాలు మామూలుగా చిక్కిపోతాయి. ఆలివ్ ముందు ఉబ్బుతుంది: కణాల్లో బుడగలు లేస్తాయి, వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు పెద్దవవుతాయి. అదుపు తప్పిన ఆ కణాలన్నీ ఒకే తాళానికి అదురుతాయి. కొందరిలో అంగిలి సెకనుకు ఒకటి నుంచి మూడుసార్లు, నిద్రలో కూడా, కదులుతూనే ఉంటుంది.

ఎమ్మారైలో, టీ2 చిత్రాల్లో, దెబ్బ తగిలిన నెలకో ఆ తర్వాతో ఆలివ్ తెల్లగా కనిపించడం మొదలవుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి లావెక్కుతుంది. మూడు నాలుగేళ్లకు ఆ లావు తీసి, చివరికి చిక్కిపోతుంది. తెలుపు మాత్రం ఏళ్లతరబడి ఉండొచ్చు. కాంట్రాస్ట్ ఎక్కించినా అది వెలగదు.

హైపర్‌ట్రోఫీని తెలుగులో ‘అతివృద్ధి’ అని రాస్తుంటారు. వృద్ధి శుభం పలికే మాట. చచ్చిపోతున్న కణాలకు ఆ మాట ఇవ్వడానికి నాకు మనసొప్పదు. వాపు అంటే ఇన్‌ఫ్లమేషన్ అనే అర్థమూ స్థిరపడింది, ఇక్కడ అది లేదు, నిజమే. అయినా ‘ఆలివ్ వాపు క్షీణత’ అనే రాయాలంటాను. రోగికి అబద్ధపు ఆశ పెట్టని మాట అది.

మీ ఇంట్లో ఎవరికైనా మెదడు కాండంలో రక్తస్రావం జరిగి ఉంటే పాత స్కాన్లు పారేయకండి. నెలల తర్వాత అంగిలి అదిరినా, చూపు ఊగినా, నడక తూలినా, ఆ స్కాన్లు పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిస్తే ఆ కొత్త వాపును ట్యూమర్ అని పొరబడే ప్రమాదం తగ్గుతుంది.