నేలమాళిగలోకి దిగిన నిప్పు

అమెరికాలోనో కెనడాలోనో సొంత ఇల్లు కొనుక్కున్నవాళ్లకి మొదటి చలికాలంలోనే కొన్ని సందేహాలు మొదలవుతాయి. వేడి గాలి వచ్చే వెంట్‌లోంచి మాడు వాసన వస్తోంది, భయపడాలా? ఒక గది ఉడికిపోతుంటే పక్క గది ఎందుకు వణికిస్తోంది? ఫిల్టరు ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఎవరూ లేని గదుల్లో వెంట్లు మూసేస్తే బిల్లు తగ్గుతుందా? న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కో దాకా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఇవే అడుగుతున్నాయి. ఇల్లంతటినీ వెచ్చబెట్టుకునే అవసరం మన ఊళ్లలో లేదు కాబట్టి వాళ్లకి ఇవి మరీ కొత్త.

కుంపటి ముందు కూర్చున్న మనిషికి ఈ సందేహాల్లో ఒక్కటీ రాదు. నిప్పు ఎదురుగానే ఉంటుంది, పొగ కంటికి తెలుస్తుంది. ఆ నిప్పు గదిలోంచి నేలమాళిగకి, అక్కణ్ణుంచి ఫర్నేసు అనే ఇనుప పెట్టెలోకి వెళ్లి కనుమరుగైన కొద్దీ ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ఒక్కో ప్రశ్నది ఒక్కో కాలం. అది ఎప్పుడు పుట్టిందో తెలిస్తే, ఇంట్లో ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

నిప్పు ఒకచోట, వెచ్చదనం మరొకచోట ఉండాలన్న ఆలోచన చాలా పాతది. రోమన్లు స్నానశాలల నేలని పొట్టి ఇటుక స్తంభాల మీద నిలబెట్టి, దాని కింద వేడి వాయువుల్ని పారించారు. కొరియా ఇళ్లలో ‘ఒండోల్’ పద్ధతిలో పొయ్యి పొగ నేల కిందుగా సాగి బయటికి పోయేది. ఈ రెండింటిలోనూ వేడెక్కేది నేల. గాలినే వేడి చేసి గదుల్లోకి పంపే పద్ధతికి బలమైన పునాది పడింది పారిశ్రామిక విప్లవ కాలపు ఇంగ్లండులో. డెర్బీ ప్రాంతపు నూలు మిల్లుల యజమాని విలియం స్ట్రట్ ఇనుప పొయ్యి చుట్టూ గాలి తిరిగే ఏర్పాటు చేశాడు. 1810లో తెరిచిన డెర్బీషైర్ ఆసుపత్రిలోనూ అదే పద్ధతి పెట్టించాడు. లోపల మంట, బయట మనుషులు పీల్చే గాలి, రెంటికీ మధ్య ఒక లోహపు గోడ. నేటి ఫర్నేసులో హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటే ఆ గోడే. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న కూడా దాని గురించే. ఆ గోడ చిట్లినా, పొగగొట్టం మూసుకుపోయినా రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరవచ్చు. ముక్కు దాన్ని పసిగట్టలేదు. అందుకే ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర డిటెక్టరు ఉండి తీరాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ ఇళ్లలో నేలమాళిగ బొగ్గు ఫర్నేసులు వెలిశాయి. వాటికి ఫ్యాను లేదు. వేడి గాలి తేలిక కాబట్టి దానంతట అదే పైకి లేచేది, చల్లారినది కిందికి దిగేది. అంత బలహీనమైన ప్రవాహం సాగాలంటే గొట్టాలు లావుగా, ఏటవాలుగా ఉండాలి. మధ్యలో పెద్ద పొయ్యి, చుట్టూ పైకి చాచిన లావు గొట్టాలు. అందుకే దానికి ‘ఆక్టోపస్’ అని పేరు పడింది. అయోవాలోని మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ 1895లో ఉక్కు రేకులకు రివెట్లు వేసి చేసిన ఫర్నేసు ఈ కాలానిదే. పొద్దున్నే లేచి బొగ్గు వేయాలి, బూడిద ఎత్తాలి. పొయ్యికి దగ్గరి గదులు వేడెక్కేవి, దూరపువి చల్లగా ఉండిపోయేవి. ఒక గది వేడి, ఒక గది చలి అన్న ఫిర్యాదు అప్పటిది. ఇవాళ్టికీ దాని జవాబు చాలాసార్లు గొట్టాల పొడవులో, పరిమాణంలో, చల్లగాలి వెనక్కి వెళ్లే దారిలోనే దొరుకుతుంది. పాత ఇంట్లో ఇంకా అలాంటి గొట్టాలుంటే వాటికి చుట్టినది ఆస్‌బెస్టాస్ కావచ్చు. పరీక్ష చేయించకుండా దాన్ని కదపకూడదు.

మంటని ఎవరు చూసుకోవాలన్నది తర్వాతి సమస్య. విస్కాన్సిన్‌లో అధ్యాపకుడు వారెన్ జాన్సన్ 1883లో పేటెంటు పొందిన పరికరం గది ఉష్ణోగ్రతని బట్టి బాయిలర్ గదిలో గంట మోగించేది. మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ మరో అడుగు వేశాడు. గది చల్లబడగానే అతని యంత్రం పొయ్యి తలుపు తానే ఎత్తి గాలి అందించేది. 1953లో హెన్రీ డ్రేఫస్ రూపకల్పనతో వచ్చిన హనీవెల్ గుండ్రటి థర్మోస్టాట్ మూత తీసి చూస్తే పనితీరంతా కళ్లకి కడుతుంది. రెండు లోహాలు అతికిన సన్నని చుట్ట చలికి ముడుచుకుని పక్కనున్న గాజు బుడ్డిని వంచుతుంది. అందులోని పాదరసం బొట్టు జారి రెండు తీగల్ని కలుపుతుంది. కింద ఫర్నేసు అంటుకుంటుంది. అలాంటిది ఇంట్లో ఉంటే చెత్తబుట్టలో వేయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. థర్మోస్టాట్‌ని బాగా పైకి తిప్పితే ఇల్లు త్వరగా వేడెక్కుతుందా అని చాలామంది అడుగుతారు. మామూలు ఫర్నేసులో ఎక్కదు. ఎప్పుడు మొదలవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పడం వరకే థర్మోస్టాట్ పని.

న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌కి చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ 1919లో గ్యాసుతో నడిచే తాపన వ్యవస్థకి పేటెంటు పొందింది. వేర్వేరు గదులకి వేర్వేరు బర్నర్లు, వేర్వేరు గొట్టాలు ఉండేలా గీసింది ఆమె. గదికి తగ్గ వేడి కావాలన్న నేటి కోరికకి ఆ కాగితం మీదే ఒక రూపం ఉంది. ఆమె పేరు ఇంకా చాలామందికి చేరాలి.

1930లలో విద్యుత్ బ్లోయర్ చేరాక గాలికి తోపుడు దొరికింది. గొట్టాలు సన్నబడ్డాయి, నేలమాళిగలో చోటు మిగిలింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయం అంతకుముందే, 1924లో, అర్బానాలో ఏకంగా అందుకోసమే కట్టిన ఒక ఇంట్లో వెచ్చటి గాలి నడకని కొలవడం మొదలుపెట్టింది. సెయిచీ కోంజో వంటి ఇంజినీర్లు ఏళ్ల తరబడి అక్కడ పరిశోధించారు. ఫిల్టరు ప్రశ్న బ్లోయర్‌తోనే వచ్చింది. పలచటి ఫిల్టరుని నెలకోసారి తీసి వెలుతురుకి పట్టి చూడాలి, మూడు నెలలు దాటనివ్వకూడదు. వెంట్లు మూసే ఆలోచనకీ ఇక్కడే జవాబుంది. ఆక్టోపస్‌లో గాలి తనంతట తాను మళ్లేది. బ్లోయర్ మాత్రం తోస్తూనే ఉంటుంది. దారులు మూస్తే ఒత్తిడి పెరిగి గాలి సందుల్లోంచి కారిపోతుంది, ఫర్నేసు అతిగా వేడెక్కి ఆగిపోనూవచ్చు. ఆదా మాత్రం ఉండదు.

1940 జనాభా లెక్కల నాటికి కూడా అమెరికాలో సగానికి పైగా ఇళ్లు బొగ్గుతోనే వెచ్చబడేవి. యుద్ధ కాలంలో చమురు కోసం వేసిన ‘బిగ్ ఇంచ్’ పైపులైన్లు 1947లో సహజ వాయువుకి మారాయి. టెక్సస్ గ్యాసు తూర్పు తీరపు ఇళ్లకి చేరింది, బొగ్గు పార పక్కకి వెళ్లింది. సహజ వాయువుకి స్వతహాగా వాసన లేదు. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో గ్యాసు లీకై పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే గ్యాసుకి వాసన కలపడం చట్టమైంది. కుళ్లిన కోడిగుడ్డులాంటి ఆ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చేసి, అక్కణ్ణుంచే ఫోన్ చేయాలి. చలికాలం తొలిరోజు కాసేపు వచ్చే మాడు వాసన వేరు. అది వేసవంతా పేరుకున్న దుమ్ము కాలడం. గంటల తరబడి తగ్గకపోతే మెకానిక్‌ని పిలవాలి.

1973 చమురు సంక్షోభం అందరి దృష్టినీ పొగగొట్టం మీదికి మళ్లించింది. అందులోంచి పోతున్న వేడి ఎంత? 1980ల కండెన్సింగ్ ఫర్నేసులు పొగలోని నీటి ఆవిరిని చల్లార్చి ఆ వేడిని కూడా రాబట్టాయి. ఇంధనపు వేడిలో నూటికి తొంభై పాళ్లకి పైగా ఇంటికే అందింది. వాటితో కొత్త ప్రశ్నలూ వచ్చాయి. ఫర్నేసు పక్కన నీళ్లెందుకు? తరచూ డ్రెయిన్ గొట్టం పూడుకుని ఉంటుంది. మంచు తుపాను రాత్రి ఎందుకు ఆగింది? గోడ బయటికి వచ్చిన ప్లాస్టిక్ గొట్టాల మూతిని మంచు కప్పేసి ఉండవచ్చు.

1990లలో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల గొట్టాల లీకుల మీద పనిచేసి, మామూలు డక్ట్ టేపు ఆ అతుకుల మీద నిలవదని తేల్చింది. సగటు ఇంట్లో గొట్టాల్లో సాగే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే పోతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. అతుకులకి మాస్టిక్ అనే జిగురు ముద్ద పూయించడం చాలా ఇళ్లలో కొత్త యంత్రం కన్నా ముందు చేయాల్సిన పని.

2022లో అమెరికాలో గ్యాసు ఫర్నేసుల కన్నా విద్యుత్తుతో నడిచే హీట్ పంపులు ఎక్కువ అమ్ముడయ్యాయి. వాటి గాలి ఫర్నేసు గాలంత వేడిగా తగలదు కాబట్టి, వెంట్ దగ్గర చెయ్యి పెట్టి ఇది పనిచేస్తోందా అని అడుగుతున్నారు. పనిచేస్తోంది, గోరువెచ్చని గాలిని ఎక్కువసేపు పంపుతూ. ఆ పద్ధతికి గొట్టాలు ధారాళంగా, లీకు లేకుండా ఉండటం మరీ అవసరం. రెండు వందల ఏళ్లలో బొగ్గు పోయి గ్యాసు వచ్చింది, గ్యాసు పక్కన విద్యుత్తు చేరింది. గాలి నడిచే దారి మాత్రం ప్రతి కాలంలోనూ ఇంటి సుఖాన్ని నిర్ణయిస్తూనే ఉంది. అందుకని కొత్త యంత్రం అమ్మడానికి వచ్చినవాళ్లని ధర అడిగే ముందు, మా గొట్టాలు కొలిచారా అని అడగండి. కొలవకుండా ధర చెప్పేవాళ్ల చేతిలో ఇల్లు పెట్టకండి.