చదరంగమున ఒక సెర్బియా వనిత

చరిత్ర సామాన్యముగా గెలిచినవారి పేర్లనే జ్ఞప్తియందుంచుకొనును. గెలుపునకు ఒక్క మెట్టు దిగువన నిలిచిపోయినవారిని గూర్చి కూడ అప్పుడప్పుడు ముచ్చటించుకొనుట న్యాయమని మా తలంపు. అందుచే నేడు సెర్బియా దేశపు చదరంగ క్రీడాకారిణి మిలుంకా లాజరెవిచ్ కథను శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ఆమె 1932వ సంవత్సరము డిసెంబరు నెలలో, చుప్రియా పట్టణమునకు సమీపమందలి ఒక పల్లెలో జన్మించెను. ఆమెకు ఎనిమిదేండ్ల ప్రాయమున, 1941 ఏప్రిలులో, జర్మను సేనలు యుగోస్లావియాపై దండెత్తెను. ఆ బాలిక చదువు నేర్చు కాలమంతయు యుద్ధకాలమే. యుద్ధము ముగిసిన పిదప ఆ దేశమున చదరంగమునకు గొప్ప ఆదరణ లభించెను. 1950లో దుబ్రోవ్నిక్ నగరమున జరిగిన ఒలింపియాడు పోటీలలో యుగోస్లావియా జట్టు ప్రథమస్థానము గడించెను. ఆ ఉత్సాహము నడుమ పెరిగిన యువతి లాజరెవిచ్. సమముతో తృప్తిపడక దాడికే మొగ్గు చూపు ఆట ఆమెది. తన దేశపు మహిళా విజేతగా ఆమె పదునొకండు మారులు నిలిచెను.

అయినను ప్రపంచ కిరీటము వేరు మాట. మహిళలలో మొదటి ప్రపంచ విజేతయైన వేరా మెంచిక్ 1944లో లండను నగరముపై జరిగిన బాంబుదాడిలో మరణించెను. తరువాత 1950 మొదలు 1991 వరకు ఆ కిరీటము సోవియట్ వనితల చేతులు దాటి పోలేదు. ఇందుకు కారణము లేకపోలేదు. అచ్చట పిల్లలకు చిన్ననాటనే శిక్షకులుండిరి. ఆటకు ప్రభుత్వ పోషణ ఉండెను. విజేతతో తలపడు అర్హత కొరకు జరుగు పోటీలో సైతము బయటి దేశపు స్త్రీ ఒకేసారి పలువురు సోవియట్ క్రీడాకారిణులను ఎదుర్కొనవలసి వచ్చెడిది.

లాజరెవిచ్ వెనుదీయలేదు. 1963లో స్ప్లిట్ నగరమున జరిగిన మహిళా ఒలింపియాడులో ఆమె ఆడిన యుగోస్లావియా జట్టు సోవియట్ జట్టునకు కేవలము అరపాయింటు వెనుకబడి ద్వితీయస్థానము పొందెను. మరుసటి సంవత్సరము నల్లసముద్ర తీరమందలి సుఖుమీలో అర్హతపోటీ జరిగెను. అందు ముగ్గురు సమానముగా అగ్రస్థానమున నిలిచిరి. అల్లా కుష్నీర్, తత్యానా జతులోవ్‌స్కయా సోవియట్ దేశస్థులు. మూడవ వ్యక్తి లాజరెవిచ్. ముగ్గురి నడుమ మరల పోటీ పెట్టగా కుష్నీర్ గెలిచి, 1965లో నానా గప్రిందష్విలీతో కిరీటమునకై తలపడెను. మన కథానాయికకు అట్టి అవకాశము మరల రాలేదు.

కాని ఆమె ఆటను విడువలేదు. పత్రికా రచయిత్రిగా దానిని గూర్చి వ్రాసెను. 1976లో మహిళా గ్రాండ్‌మాస్టరు బిరుదు నందెను. 2018 డిసెంబరులో కన్నుమూసెను.

ఇక్కడ మరియొక పేరు చెప్పక తప్పదు. సుఖుమీ పోటీ జరిగిన ఇరువదియారేండ్లకు, 1990లో, బొర్జోమీ అర్హతపోటీలో బెల్‌గ్రేడుకు చెందిన అలీసా మారిచ్ అను యువతి చైనా దేశపు షియె జున్‌తో సమానముగా నిలిచెను. 1991లో ఇరువురి నడుమ జరిగిన పోటీలో షియె జున్ గెలిచెను. ఆమెయే అదే సంవత్సరము మాయా చిబుర్దనీద్జెను ఓడించి, సోవియట్ వనితల నాలుగు దశాబ్దుల ఏలుబడికి ముగింపు పలికెను. అనగా సెర్బియా వనిత రెండవమారు కూడ అదే గుమ్మము ముందు ఆగిపోయెను. మారిచ్ 2012లో తన దేశమునకు క్రీడల మంత్రిణి అయ్యెను.

చదరంగమున బంటు ఎనిమిదవ వరుస చేరినగాని మంత్రి కాజాలదు. ఏడవ వరుసలో చిక్కిన బంటును లోకము మరచిపోవచ్చును. కాని ఆడువారెరుగుదురు: అంతదూరము వచ్చిన బంటును ఆపుటకు ఎదుటి పక్షము తన బలమైన పావులనే వినియోగింపవలెను. లాజరెవిచ్ జీవితమున ఓటమి కలదు, అల్పత్వము లేదు. కిరీటధారుల పట్టికలో కానరాని ఆ పేరును మన ఇండ్లలో చదరంగపు పలక పరచుకొను ఆడుబిడ్డలు ఒకపరి తలచుకొందురుగాక.