కత్తెర నుంచి మీట దాకా



పాత తెలుగు సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ఎడిటరు పేరుతోబాటు ‘కూర్పు’ అనే మాట కనిపిస్తుంది. మీరూ చూసే ఉంటారు. ఇంగ్లీషువాళ్లు ఈ పనిలో కత్తెరను చూసి ‘కట్’ అన్నారు. మనవాళ్లు దండను చూసి ‘కూర్పు’ అన్నారు. ఒకటి తెంచడం, ఇంకొకటి చేర్చడం. ఈ పని కత్తెర నుంచి కంప్యూటరు మీటల మీదికి ఎలా వచ్చిందో, ఆ మీటలు నేర్చుకుంటే మన పిల్లలకు కలిగే మేలేమిటో ఈ పూట చెప్పుకుందాం.

ముందు చిన్న లెక్క. సినిమా ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. అంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులన్నమాట. షూటింగులో తీసింది అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఎడిటర్లు దాన్ని మూవియోలా అనే యంత్రంలో చూసేవారు. అమెరికాలో 1924లో వచ్చిన యంత్రమది. కాలితో పెడలు నొక్కితే ఫిల్ము కదిలేది, కాలు తీస్తే ఆగేది. ఎడిటరు మైనపు పెన్సిలుతో గీత గీసి, అక్కడ కోసి, ముక్కను ముక్కకు అతికించేవాడు. సిమెంటుతో అతికించినదాన్ని విడదీసి మళ్లీ అతికిస్తే ఒకటి రెండు బొమ్మలు నష్టమయ్యేవి. కోసిన ముక్కలన్నీ కొక్కాలకు వేలాడేవి. ఒక ముక్క మళ్లీ కావాలంటే, అసిస్టెంటు ఫిల్ము అంచు మీది నంబరు చూసి వెతికి ఇవ్వాలి.

కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో తెలుగు సినిమా చాలాకాలం ఇలాగే తయారైంది. ఎల్.వి.ప్రసాద్ గారి తమ్ముడు అక్కినేని సంజీవి గారు అక్కడ పేరున్న ఎడిటరు. సంజీవి గారి కుమారుడు శ్రీకర్ ప్రసాద్ గారు తండ్రి దగ్గరే పని నేర్చుకుని, ‘రాఖ్’ అనే హిందీ చిత్రానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఫిల్ము ముక్కలనూ, కంప్యూటరు మీటలనూ రెండింటినీ చూసిన తరం వారిది.

వీడియో టేపు వచ్చాక కత్తెర పోయింది గాని కష్టం పోలేదు. ఒక యంత్రంలో ఆడించి, ఇంకొక యంత్రంలో వరుసగా ఎక్కించుకోవాలి. పెళ్లి క్యాసెట్టు పూర్తయ్యాక ‘మా మేనమామ కనబడలేదే’ అని పెళ్లివారు అడిగారనుకోండి. మధ్యలో ఆయన్ని చేర్చాలంటే ఆ తరువాతదంతా మళ్లీ ఎక్కించవలసిందే.

1989లో అవిడ్ అనే కంప్యూటరు పద్ధతి వచ్చి ఈ చిక్కు విప్పింది. దృశ్యాలన్నీ కంప్యూటరులోకి చేరాయి. ఏ ముక్క ఎక్కడ పెట్టినా మిగతావి వాటంతట అవే జరుగుతాయి. మద్రాసులో తయారై 1994లో విడుదలైన కమల్‌హాసన్ గారి ‘మహానది’ని మన దేశంలో అవిడ్ మీద కూర్చిన తొలి సినిమాగా చెబుతారు. 1991లో అడోబ్ ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో వచ్చాక ఈ పని చిన్న కొట్లదాకా చేరింది.

ఇక మీటల సంగతి. కత్తిరించి అతికించడమనే మాట కాగితాల కాలం నాటిది. రాసిన కాగితాన్ని కత్తెరతో కోసి, జిగురుతో అంటించేవారు. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు దాన్ని కంప్యూటరులోకి తెచ్చారు. 1983లో వచ్చిన ఆపిల్ వారి లీసా కంప్యూటరులో జెడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు మీటలకు ఆ పనులు అప్పగించారు. చేసినది రద్దు చేయడానికి జెడ్, కోయడానికి ఎక్స్, నకలుకు సి, అతకడానికి వి. నాలుగూ ఎడమచేతి కింద పక్కపక్కనే ఉంటాయి. కుడిచేయి మౌసు వదలనక్కరలేదు.

వీడియో కూర్పులో కుడిచేతికీ ఇలాంటి మీటలున్నాయి. జె నొక్కితే దృశ్యం వెనక్కి నడుస్తుంది, కె నొక్కితే ఆగుతుంది, ఎల్ నొక్కితే ముందుకు నడుస్తుంది. ఎల్‌ను మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది. కె అదిమిపట్టి ఎల్ నొక్కితే నెమ్మదిగా కదులుతుంది. పైవరుసలోని ఐ ముక్క మొదలును, ఓ దాని చివరను గుర్తిస్తాయి. అవిడ్‌లోనూ, ప్రీమియర్‌లోనూ, డావిన్సీ రిజాల్వ్‌లోనూ ఇవే.

రెండు భాషల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయునిగా ఇక్కడొక మాట చెప్పాలి. ‘ఇదంతా ఇంగ్లీషు వచ్చినవాళ్ల పని’ అని తెలుగు మాధ్యమం పిల్లలు వెనకాడుతుంటారు. కాని జె, కె, ఎల్ ఏ ఇంగ్లీషు మాటకూ పొడి అక్షరాలు కావు. కుడిచేతి మూడు వేళ్లు సహజంగా ఆనే చోట్లు, అంతే. జె మీద చిన్న గీతలాంటి ఎత్తు ఉంటుంది. కళ్లు మూసుకున్నా వేలికి తగులుతుంది. కె పైన ఐ, ఎల్ పైన ఓ. ఇది వేలికి తెలియవలసిన విద్య.

వేలి విద్య మా తిరువొత్తియూరుకు కొత్తదేమీ కాదు. త్యాగరాజస్వామి వారి శిష్యులు వీణ కుప్పయ్యర్ గారి ఊరిది. ఆయనా, తిరువొత్తియూరు త్యాగయ్యగా పేరుపొందిన ఆయన కుమారుడూ తెలుగులో వర్ణాలు రచించారు. వర్ణాన్ని ముందు ఒకటో కాలంలో, చేయి కుదిరాక రెండో కాలంలో సాధన చేయిస్తారు. వైణికుడు మెట్లకేసి చూస్తూ కూర్చోడు. వేలికి తెలుసు, చెవి రాగం మీద ఉంటుంది. వీణనూ మీటుతామంటాం, కంప్యూటరువీ మీటలే అంటాం. సాధన కూడా అలాగే చేయండి. వారానికి రెండు మూడు మీటలు చాలు. ముందు నిదానంగా, తరువాత వేగంగా.

లాభమెంత? మౌసుతో ఒక కోతకు మూడు సెకన్లు, మీటతో ఒక సెకను అనుకుందాం. వెయ్యి కోతల పెళ్లి వీడియోలో అరగంటకు పైగా మిగులుతుంది. కూలికి కూర్చునే కుర్రవాడికి అది చిన్న సంగతి కాదు. అంతకన్నా ముఖ్యం, అతని కన్ను బొమ్మను వదలదు.

అయితే ఒక జాగ్రత్త. మూవియోలా ముందు కూర్చున్నవారు కోతకు ముందే ఆలోచించేవారు, తప్పితే బొమ్మలు పోతాయి గనుక. మనకు జెడ్ మీట ఉంది గనుక ఆలోచన వాయిదా వేస్తున్నాం. ఆ మిగిలిన అరగంటలో, కూర్చినదాన్ని మొదటినుంచి ఒకసారి ఆపకుండా చూడమని మీ పిల్లలకు చెప్పండి. పెళ్లికూతురి తండ్రి కన్ను తుడుచుకున్న క్షణం ఎక్కడో తెగిపోయి ఉంటే, అప్పుడే కనబడుతుంది.

సెలవు.