పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ

నర్సింగ్ పట్టభద్రులు పిల్లలను పరీక్షించి, జబ్బు గుర్తించి, చికిత్సను స్వయంగా నిర్ణయించగలిగేలా తయారుచేసే ఉన్నత విద్య ఇది. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది.

నేపథ్యం

1960లలో అమెరికా పల్లెల్లో, నగరాల పేదవాడల్లో పిల్లల డాక్టర్ల కొరత తీవ్రంగా ఉండేది. కొలరాడోలో ప్రజారోగ్య నర్సుగా పనిచేసిన లొరెట్టా ఫోర్డ్ (1920–2025) ఆ లోటును కళ్లారా చూశారు. డాక్టరు అందుబాటులో లేనిచోట నిర్ణయాల భారం నర్సు మీదే పడుతున్నప్పుడు, అందుకు తగిన చదువూ ఆమెకు అందాలని ఫోర్డ్ నమ్మారు. పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ ఆమెతో చేతులు కలిపారు.

తొలి కార్యక్రమం

మొదటి నాలుగు నెలలు విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో గట్టి శిక్షణ ఇచ్చేవారు. తల్లిని అడిగి బిడ్డ ఆరోగ్య వివరాలు రాబట్టడం, స్టెతస్కోపుతో గుండె, ఊపిరితిత్తుల చప్పుడు వినడం, ఓటోస్కోపుతో కర్ణభేరి చూడడం, ఎదుగుదల వయసుకు తగ్గట్టు ఉందో లేదో తేల్చడం అందులో భాగం. తర్వాత ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో పని. ఆ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో 75 శాతానికి పైగా ఈ నర్సులే పూర్తి సంరక్షణ అందించగలరని 1967లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో నిర్వాహకులు వెల్లడించారు. అయినా వ్యతిరేకత తప్పలేదు. ఫోర్డ్ నర్సింగ్‌ను వదిలి వైద్యం వైపు వెళుతున్నారని తోటి నర్సింగ్ అధ్యాపకులే తప్పుబట్టారు.

విస్తరణ

1973లో ఈ నర్సుల జాతీయ సంఘం ఏర్పడింది. 1970లలో స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులు విరివిగా నడిచాయి. క్రమంగా మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి అయింది. ఇంటెన్సివ్ కేర్ మెరుగుపడి, తీవ్రమైన జబ్బులున్న పిల్లలు బతికి బట్టకట్టడం పెరిగేకొద్దీ ఆసుపత్రుల్లోనూ ఈ నర్సుల అవసరం ఏర్పడింది. ప్రాథమిక సంరక్షణకు తోడు అత్యవసర, తీవ్ర సంరక్షణ ప్రత్యేక శాఖగా ఎదిగింది. దానికి 2005లో విడిగా అర్హత పరీక్ష వచ్చింది.

క్లినికల్ శిక్షణ

శిక్షణకు ప్రాణం ప్రిసెప్టర్, అంటే అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు. విద్యార్థి పిల్లవాణ్ని పరీక్షించి, తన అంచనా, చికిత్స ప్రణాళిక వారి ముందుంచాలి. ప్రతిదానికీ కారణం చెప్పాలి. చాలాకాలం కనీసం 500 గంటలుగా ఉన్న రోగి సంరక్షణ శిక్షణను 2022 జాతీయ ప్రమాణాలు 750కి పెంచాయి. బొమ్మలపై చేసే సిమ్యులేషన్ సాధన ఈ గంటల లెక్కలోకి రాదు. నొప్పి ఎక్కడో చెప్పలేని పసిబిడ్డ జబ్బును పట్టుకునే నేర్పు, అటువంటి బిడ్డలను చూస్తూ చూస్తూనే అలవడుతుంది.