పొరుగింట్లో దాచిన సాక్ష్యం

సర్వర్‌లోకి దొంగ దూరితే మొదట చెరిపేది తన అడుగుజాడలే. ఆ జాడలుండేది లాగ్ ఫైళ్లలో. రూట్ అనే సర్వాధికారం చేజిక్కినవాడికి ఆ ఫైళ్లు పలక మీద రాతలతో సమానం. అందుకే లాగ్ పుట్టిన చోటే పడి ఉండకూడదని, పుట్టిన క్షణానే మరో యంత్రానికి చేరిపోవాలని యూనిక్స్ వాళ్లకు తొందరగానే తెలిసొచ్చింది. కానీ ఎక్కడికి పంపాలో చెప్పే ఆ ఒక్క చిరునామా ఎక్కడ రాయాలి, దాన్ని మార్చే హక్కు ఎవరికివ్వాలి అన్న పంచాయితీ మాత్రం నలభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

కథ 1980ల మొదట్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల బట్వాడా ప్రోగ్రాం రాస్తున్నాడు. అప్పట్లో ఏ ప్రోగ్రాం గోడు అది తనకు తోచిన ఫైల్లో వెళ్లబోసుకునేది. ఆల్‌మన్ తన మెయిల్ గొడవల కోసం వేరుగా ఒక చిన్న నౌకరును పెట్టుకున్నాడు. దాని పేరు సిస్‌లాగ్. మిగతా ప్రోగ్రాంలు కూడా ఆ నౌకరునే వాడుకోవడం మొదలెట్టాయి. సందేశం ఏ శాఖదో చెప్పే అంకెల్లో కెర్నల్ 0, యూజర్ 1 కాగా, వాటి వెంటనే 2 మెయిల్‌కు దక్కడం ఆ పుట్టుమచ్చే. యూయూసీపీ, న్యూస్ లాంటి పేర్లు ఇవాళ్టి లినక్స్‌లోనూ ఉన్నాయి. ఆ సేవలను కళ్లతో చూడనివాళ్లే ఇప్పుడు వాటి పేర్లు టైపు చేస్తున్నారు.

1986లో బర్క్‌లీ యూనిక్స్ 4.3బీఎస్‌డీ వచ్చేనాటికి సిస్‌లాగ్‌కు ఒక కాన్ఫిగరేషన్ ఫైలుంది. ఒక్కో వరుసలో ఎడమవైపు ఏ సందేశాలో, కుడివైపు అవి ఎక్కడికి పోవాలో. కుడివైపు మాట @ గుర్తుతో మొదలైతే అది ఫైలు పేరు కాదు, మరో యంత్రం పేరు. అంతే. సోర్స్ కోడ్ ముట్టకుండా, మళ్లీ కంపైల్ చేయకుండా, ఒక్క వరుస మార్చి డీమన్‌కు, అంటే తెర వెనక నడిచే ఆ నౌకరుకు, హప్ సిగ్నల్ పంపితే లాగ్ దారి మారిపోతుంది. రెండు వైపుల మధ్య ట్యాబ్ కాకుండా స్పేస్ కొడితే మాత్రం ఆ పాత డీమన్‌కు ఆ వరుస ఎక్కేది కాదు. కంటికి రెండూ ఒకటే ఖాళీ. ఈ చాదస్తం ఎందరి సాయంత్రాలు తినేసిందో!

సన్ అనే కంప్యూటర్ల కంపెనీ వాళ్లు ఇంకో అడుగు వేశారు. యంత్రాల పేర్లు, అడ్రసులు ఉండే హోస్ట్స్ ఫైల్లో, యంత్రం తనను తాను పిలుచుకునే లోకల్‌హోస్ట్ పేరు పక్కనే లాగ్‌హోస్ట్ అని ఒక మారుపేరు పెట్టి యంత్రాలు అమ్మారు. కాన్ఫిగ్ ఫైలు అన్ని యంత్రాల్లో ఒకటే. లాగ్‌హోస్ట్ అంటే ఎవరన్నది మాత్రం స్థానికంగా తేల్చుకోవాలి. కొత్తగా వచ్చిన యంత్రం తనకు తానే లాగ్‌హోస్ట్. ఆ పేరును మరో యంత్రం అడ్రసుకు తిప్పితే లాగ్‌లన్నీ అటు పోతాయి. విధానాన్ని, చిరునామాను విడదీసిన తెలివి అది. తర్వాత వచ్చిన చాలా హంగుల కంటే నాకు ఇదే ముద్దొస్తుంది.

లాగ్ బయటికెందుకు పోవాలో లోకానికి తెలిసేలా చూపించింది మాత్రం ఒక ఖగోళ శాస్త్రవేత్త. 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా ఎక్కడిదో వెతకడం మొదలెట్టాడు. తవ్వుకుంటూ పోతే ఎవడో లోపల తిరుగుతున్నాడని తేలింది. వాడు ఈమాక్స్ ఎడిటర్‌తో వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాంలోని లొసుగు పట్టుకుని సూపర్ యూజర్ అయ్యాడు. సిస్టంలో లాగ్ పెడితే వాడు చూస్తాడు, చెరిపేస్తాడు. అందుకని స్టోల్ సహోద్యోగుల బల్లల మీది టెర్మినళ్లు, ప్రింటర్లు మోసుకొచ్చి, బయటి నుంచి వచ్చే లైన్లకు తగిలించాడు. దొంగ కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడింది. నెట్‌వర్క్ మీదుగా కాగితాన్ని చెరపలేడు కదా. చివరికి ఆ దారి జర్మనీలోని హనోవర్‌లో మార్కస్ హెస్ అనేవాడి ఇంట్లో తేలింది. లాగ్‌ను ఊరు దాటించడం అనే ఆలోచనకు ఇంతకంటే మోటైన, ఇంతకంటే గట్టి రూపం నాకు తెలియదు.

సిస్‌లాగ్ పద్ధతిలో అంత గట్టిదనం లేదు. అది 514 నంబరు యూడీపీ పోర్టు మీద నడిచేది. యూడీపీ అంటే కార్డు ముక్క రాసి డబ్బాలో వేయడం. చేరిందో లేదో కబురు రాదు. పైగా ఎవరి పేరు మీదైనా ఎవరైనా వేయొచ్చు. లినక్స్ తొలినాళ్ల సిస్‌లాగ్ డీమన్ సిస్‌క్లాగ్‌డీ అందుకే తలుపు మూసేసింది: బయటి సందేశాలు తీసుకోవాలంటే డీమన్‌ను ఆర్ ఆప్షన్‌తో ప్రత్యేకంగా లేపాలి. తలుపు తీసి ఉంటే ఎవడో చెత్త కుమ్మరించి డిస్కు నింపేస్తాడన్నది భయం. దాని మాన్యువల్లో జాగ్రత్తలన్నీ చెప్పాక, ఇంకా మాట వినని యూజర్ ఉంటే చమురు బావుల్లో వాడే మీటరు పొడవు ఉక్కు కడ్డీ తీసుకెళ్లి అతనితో మాట్లాడమని సలహా ఇచ్చారు. సాంకేతిక పత్రాల్లో ఇంత నిజాయతీ అరుదు.

ఆ తర్వాత ప్రశ్న ‘ఎక్కడికి’ నుంచి ‘ఎలా’కు జరిగింది. 1998లో హంగరీకి చెందిన బలాజ్ షైడ్లర్ సిస్‌లాగ్-ఎన్‌జీ మొదలుపెట్టి మూలం, గమ్యం, వాటిని కలిపే దారి అని మూడింటినీ విడివిడిగా రాసుకునే వీలు కల్పించాడు. 2001లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అప్పటిదాకా నడుస్తున్న వాడుకను కాగితం మీద పెట్టిందంతే. సందేశానికి 1024 బైట్ల హద్దు. తేదీలో నెల, రోజు, సమయం ఉంటాయి గాని సంవత్సరం ఉండదు! జర్మనీలో రైనర్ గెర్‌హార్డ్స్ 2004లో మొదలెట్టిన ఆర్‌సిస్‌లాగ్ పాత ఫైలు రాతనే ఉంచి, ఒక @ ఉంటే యూడీపీ, రెండుంటే, చేరిందో లేదో చూసుకునే టీసీపీ అంది. ఆయనే రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5424 2009లో వచ్చి తేదీకి సంవత్సరాన్ని, టైమ్ జోన్‌ను చేర్చింది. దాని తోబుట్టువు 5425 సందేశాన్ని గుప్తంగా ఉంచే టీఎల్‌ఎస్ ముసుగేసి, 6514 పోర్టు ఇచ్చింది.

టీసీపీతో చిక్కులు తీరాయనుకున్నవాళ్లకు కొత్త చిక్కు ఎదురైంది. అవతలి లాగ్ సర్వర్ పడిపోతే ఇవతల సందేశాలు క్యూలో పేరుకుంటాయి. క్యూ నిండితే డీమన్ ఆగుతుంది. దానికి సందేశమిచ్చే ప్రోగ్రాంలూ దాని వెనకే ఆగుతాయి. చివరికి సర్వర్ బాగానే ఉన్నా లాగిన్ కావడమే కుదరదు. లాగ్ పోయినా ఫర్వాలేదా, పని ఆగినా ఫర్వాలేదా అన్నది ఎవరో ఒకరు ఎంచుకోవాలి. కనుక క్యూ ఎంత పెద్దది, డిస్కు మీద ఉంచాలా, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి అన్నవీ సెట్టింగులయ్యాయి.

ఈలోగా చట్టాలూ వచ్చాయి. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లన్నీ 180 రోజులు భద్రంగా ఉంచాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలపాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చిన్న కంపెనీ నడిపేవారికి కూడా లాగ్‌ను దాచడం ఆ ఆదేశాలతో అడ్మిన్ ఇష్టాయిష్టాల సంగతి కాకుండా పోయింది.

ఈ ప్రయాణంలో నాకు ఆసక్తిగా తోచిన మజిలీ సర్వర్ లోపలి మరో బుల్లి కంప్యూటర్, బీఎంసీ. ప్రధాన యంత్రం ఆపేసి ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. ఉష్ణోగ్రత, ఫ్యాన్లు, పవర్ సంగతి చూస్తుంది. దాని నిల్వ కొద్దిపాటి ఫ్లాష్ మెమరీ. అక్కడ లాగ్ దాచుకోవడానికి చోటు తక్కువ, కనుక బయటికి పంపడం తప్పదు. కానీ డేటా సెంటర్‌లో వేల బీఎంసీలుంటే ఒక్కోదానిలోకి లాగిన్ అయి ఫైలు దిద్దడం జరిగే పనా? 2018లో లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరిన ఓపెన్‌బీఎంసీ ప్రాజెక్టులో దీనికి వేరే దారి వేశారు. లాగ్ సర్వర్ చిరునామా, పోర్టు అనే రెండు విలువలను ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద ఒక వస్తువుకు గుణాలుగా పెట్టారు. దూరం నుంచే ఒక వెబ్ అభ్యర్థనతో వాటిని మార్చొచ్చు. స్క్రిప్టు రాసుకుంటే వేల యంత్రాల చిరునామా ఒక్క పూటలో మారుతుంది. ఒకే రకం యంత్రాలన్నీ ఒకే హోస్ట్‌నేమ్‌తో ఉంటే మాత్రం లాగ్ సర్వర్‌కు చేరిన సందేశం ఎవరిదో పోల్చుకోలేం. కనుక పేర్లు కూడా మార్చుకోక తప్పదు.

మార్చడం తేలికైన కొద్దీ స్టోల్ నాటి భయం మళ్లీ గుమ్మంలోకి వస్తుంది. సాక్ష్యాన్ని పొరుగింట్లో దాచాం సరే, ఏ పొరుగిల్లో చెప్పే చీటీ దొంగ దూరిన ఇంట్లోనే ఉంది. అధికారం దొరికినవాడు పాత లాగ్ చెరపలేకపోయినా, ఇకపై రాబోయేదాన్ని దారి మళ్లించగలడు. అవతలి సర్వర్ చేయగలిగింది, ఫలానా యంత్రం నుంచి మాట ఆగిపోయిందే అని గమనించడమే.

చిరునామా మార్చమనే ఆ వెబ్ అభ్యర్థన అందుకున్నాక ఓపెన్‌బీఎంసీ తెర వెనక చేసేది చూస్తే నవ్వొస్తుంది. ఆర్‌సిస్‌లాగ్ కోసం ఒక చిన్న ఫైల్లో ఒక్క వరుస రాసి, డీమన్‌ను రీస్టార్ట్ చేస్తుంది. ఎడమవైపు అన్ని సందేశాలూ అనే నక్షత్రం గుర్తులు, కుడివైపు రెండు @లు, ఆ తర్వాత చిరునామా. ఫార్వర్డింగ్ వద్దని చెబితే కుడివైపు, ఏది వేసినా మాయమైపోయే డెవ్-నల్ అని రాస్తుంది. ఏదో ఒక గమ్యం చూపకపోతే ఆర్‌సిస్‌లాగ్ లేచేటప్పుడు ఎర్రర్ ఇస్తుంది మరి.