ఒకే జట్టులో ఇద్దరు విజయులు

అరసికెరె అనగానే చాలామందికి హాసన్ జిల్లాలోని రైల్వే జంక్షన్ గుర్తుకొస్తుంది. మాది ఆ అరసికెరె కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని అరసికెరె. చిన్నప్పుడు మా యింటికి రావలసిన ఉత్తరాలు ఒక్కోసారి ఆ అరసికెరె చూసి మరీ వచ్చేవి. అందుకని మా నాన్న చిరునామా రాసేటప్పుడు 'పావగడ తాలూకా' అన్న మాట కింద రెండు గీతలు గీసేవాడు. ఊళ్లకే ఈ చిక్కు ఉంటే మనుషులకు ఉండదా? మా వైపు తాత పేరు మనవడికి పెడతారు. ఇంటి దేవుడి పేరు ఇంటిల్లిపాదికీ పెడతారు. ఒక్క వీధిలో నలుగురు హనుమంతరాయప్పలు, ముగ్గురు నరసింహప్పలు ఉన్నా ఎవరికీ వింత కాదు.

ఊరంటే వందల మంది. పదకొండుమంది మాత్రమే ఉండే ఆటజట్టులోనూ ఇలా పేర్లు కలుస్తాయి. అలా కలిసినప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి పేరులో ఏ ముక్క ఉంచుకున్నారు, ఏ ముక్క వదిలేశారు అన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి కలిగించే విషయం. బ్యాంకులో పనిచేసేవాడికి ఆ ఆసక్తి ఎందుకో చివర చెబుతాను.

1936 జూలైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండుతో టెస్టు ఆడిన మన జట్టును చూడండి. కెప్టెన్ పూసపాటి విజయానంద గజపతిరాజు. మొదట బ్యాటింగుకు దిగిన వాళ్లలో ఒకరు విజయ్ మర్చంట్. అంటే జట్టులో ఇద్దరు విజయులు. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 చేసి మొదటి వికెట్టుకు 203 పరుగులు కలిపారు. ఆ ఆట గురించి ఎందరో రాశారు గానీ ఇద్దరు విజయుల మాట నాకెక్కడా కనబడలేదు. కారణం తేలికే. స్కోరు పుస్తకంలో మర్చంట్ 'వి.ఎం. మర్చంట్'. కెప్టెన్ 'విజయనగరం మహారాజకుమార్'. ఒకరి పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. మరొకరి పేరును సంస్థానం మింగేసింది. పూసపాటి అన్న ఇంటిపేరుకు అసలు చోటే లేదు.

ఆ పదకొండుమందిలో ఇంకో ముగ్గురు మనవాళ్లున్నారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్ అయిన సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, మద్రాసుకు చెందిన సి. రామస్వామి. రామస్వామికి అది తొలి టెస్టు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. అయినా 40, 60 పరుగులు చేశారు. అంతకు ముందు 1922లో డేవిస్ కప్ టెన్నిసు కూడా ఆడినవారు. ఇప్పుడు ఈ ముగ్గురి ముందున్న 'సి' చూడండి. అన్నదమ్ములిద్దరికీ అది కొఠారి. రామస్వామికి అది కోటా. స్కోరు పుస్తకం చదివేవాడికి మాత్రం మూడూ ఒకటే. అన్నదమ్ములను 'కె', 'ఎస్' అన్న అక్షరాలే విడదీశాయి. కనకయ్య, సుబ్బన్న అన్న పేర్లు ఇంట్లోనే ఉండిపోయాయి.

తరువాత విజయుల సంఖ్య పెరిగింది. 1951 నవంబరులో ఢిల్లీ టెస్టులో విజయ్ మర్చంట్ 154 చేస్తే, కెప్టెన్ విజయ్ హజారే 164తో అజేయంగా నిలిచాడు. మర్చంట్‌కు అదే ఆఖరి టెస్టు. అదే సిరీసులో కలకత్తాలో ఒక కుర్రవాడు తొలి టెస్టు ఆడి 48 పరుగులు చేశాడు. అతడి పేరు విజయ్ మంజ్రేకర్. ఒక విజయ్ తప్పుకుంటే ఇంకో విజయ్ వచ్చాడన్నమాట. 1952 జూన్‌లో లీడ్స్‌లో హజారే 89, మంజ్రేకర్ 133 చేసి నాలుగో వికెట్టుకు 222 పరుగులు జోడించారు. పేరులో ఉన్న విజయం జట్టుకు మాత్రం దక్కలేదు. రెండో ఇన్నింగ్స్‌లో సున్నా పరుగులకే నాలుగు వికెట్లు పోయాయి. ఆ నలుగురిలో మంజ్రేకర్ ఒకడు. వి.ఎం., వి.ఎస్., వి.ఎల్. అన్న పొడి అక్షరాల్లో ముగ్గురికీ 'వి' ఒకటే. మర్చంట్, హజారే, మంజ్రేకర్ అన్న ఇంటిపేర్లు వెనుక నిలబడి వాళ్లను కాపాడాయి.

మన దక్షిణాది పద్ధతి వేరు. ఇక్కడ చివర నిలిచేది సొంత పేరే. అందుకే కర్ణాటక తరఫున ఆడిన ఇద్దరు విశ్వనాథ్‌ల విషయంలో ముందున్న మాటే దిక్కయింది. 91 టెస్టులాడిన గుండప్ప విశ్వనాథ్ ఒకరు. 1985లో ఆస్ట్రేలియాలో మనవాళ్లు గెలిచిన పోటీలో వికెట్ కీపరుగా పేరు తెచ్చుకున్న సదానంద విశ్వనాథ్ మరొకరు. ఇక రాబిన్ సింగ్‌ల సంగతి చిత్రమైనది. ట్రినిడాడ్‌లో పుట్టి తమిళనాడుకు ఆడిన రాబిన్ సింగ్‌కు 1998లో హరారేలో ఒక టెస్టు దక్కింది. ఢిల్లీకి ఆడిన రాబిన్ సింగ్‌కు 1999లో హామిల్టన్‌లో ఒక టెస్టు దక్కింది. పేరూ ఒకటే, టెస్టుల లెక్కా ఒకటే. రెండో ఆయనకు 'జూనియర్' అని తగిలించక తప్పలేదు.

అమెరికావాళ్ల బేస్‌బాల్‌లో ఇది ఇంకా ముదిరింది. 1962లో న్యూయార్క్ మెట్స్ అనే కొత్త జట్టులో ఇద్దరు బాబ్ మిల్లర్లుండేవారు. ఇద్దరిదీ బంతి విసిరే పనే. ఒకడు కుడిచేతివాడు, ఒకడు ఎడమచేతివాడు. ముసలి మేనేజరు కేసీ స్టెంగెల్ వాళ్లలో ఒకణ్ణి ఏ సంబంధమూ లేకుండా 'నెల్సన్' అని పిలిచేవాడట. ఆ ఏడు ఆ జట్టు 120 ఆటలు ఓడిపోయింది. చూసేవాళ్లు ఆటగాళ్లను పోల్చుకోవడానికి బేస్‌బాల్‌లో అంతకు ముందే అంకెలు వచ్చాయి. 1929లో న్యూయార్క్ యాంకీస్ జట్టు బ్యాటింగు వరుసను బట్టి చొక్కాల మీద అంకెలు వేయించింది. మూడో స్థానంలో ఆడే బేబ్ రూత్‌కు 3 వచ్చింది. క్రికెట్ ప్రపంచ కప్పులో చొక్కాల మీద పేర్లు 1992లో, అంకెలు 1999లో వచ్చాయి. 2019 నుంచి టెస్టుల్లోనూ రెండూ ఉన్నాయి.

అంకె మంచిదే. అది అబద్ధం చెప్పదు. బ్యాంకులో ఖాతా నంబరు చేసే పనీ అదే. కానీ అంకె ఒక్కటే చాలదని నాకు ఒక రైతు నేర్పాడు. చేత్తో లెడ్జర్లు రాసే రోజుల్లో ఒకే ఊరి ఇద్దరికి ఒకే పేరుండేది. పేరు ముందు ఊరి అక్షరం ఒకటే, తండ్రి పేరు అక్షరమూ ఒకటే. నేను నంబరులో ఒక అంకె తప్పు చదివి, ఒకాయన చెనక్కాయలమ్మిన డబ్బును రెండో ఆయన పేజీలో జమ చేశాను. సాయంత్రం లెక్క సరిపోయింది. తప్పు ఎవరికీ కనబడలేదు. వారం తరువాత ఆ రెండో ఆయనే పాస్‌బుక్కు పట్టుకొని వచ్చాడు.

"ఈ దుడ్డు నాది కాదు సామీ. అది వాళ్లింటోళ్లది. మా ఇంటిపేరు వేరే" అన్నాడు.

మా పుస్తకాల్లో ఎక్కడా లేని ఇంటిపేర్లు రెండూ అప్పుడు ఆయన నోటి నుంచి విన్నాను. ఆయన ఊరుకొని ఉంటే మొదటాయన పంట డబ్బు పోయేదే, నా ఉద్యోగానికీ ముప్పు వచ్చేదే. నా లెక్క తప్పిన చోట ఆయన మంచితనం, ఆయన ఇంటిపేరు కలిసి ఆదుకున్నాయి.

కన్నడనాట తెలుగువాళ్లం బళ్లో కన్నడం చదువుకుంటాం, కచేరీలో కన్నడం రాస్తాం. అందులో తప్పేమీ లేదు. అది మనకు అన్నం పెట్టిన భాష. అయితే ఫారంలో ఇంటిపేరుకు గడి లేదని మనమే దాన్ని ఒక అక్షరం చేశాం. తరువాత ఆ అక్షరం స్థానంలో ఊరి అక్షరం వచ్చింది. కొఠారి, కోటా రెండూ 'సి'గా మారినా పెద్ద ఆటగాళ్లు గనుక వాళ్ల ఇంటిపేర్లను పుస్తకాల్లో వెతికి చూసుకోవచ్చు. మన ఇంటిపేర్లను ఎవరు ఎక్కడ వెతుకుతారు?

మా అబ్బాయి కాలేజీ ఫారం నింపుతూ, నా పేరు ముందున్న అక్షరాలకు పూర్తి రూపం ఏమిటని అడిగాడు. ఊరి పేరు, మా నాన్న పేరు చెప్పాను. "మరి మన ఇంటిపేరు?" అన్నాడు. ఫారంలో దానికి గడి లేదు. పాత డైరీ తీసి, మొదటి పేజీలో తెలుగులో పూర్తిగా రాసి చూపించాను. వాడికి తెలుగు లిపి రాదు. చదివి వినిపించాను.