కోరంగి ఓడల డాక్

గోదావరి పాయ ఒడ్డున, తాళ్లరేవు చేరువలోని పాత ఓడరేవు కోరంగి. తెలుగు తీరంలో ఓడల నిర్మాణానికి పేరుమోసిన కేంద్రాల్లో ఇదొకటి. 1802లో స్థానిక నివాసి ఎబెనీజర్ రోబక్ ఇక్కడ డాక్ కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళపు ఓడలకూ ఇక్కడ మరమ్మతులు జరిగేవి. అంతకుముందే 1789 డిసెంబరు ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది. అయినా వడ్రంగులు మళ్లీ పని మొదలుపెట్టడం నిజంగా మెచ్చదగ్గ విషయం. 1839 నవంబరు తుపాను దెబ్బ నుంచి మాత్రం రేవు కోలుకోలేదు. పతనానికి కారణం తుపానేనని చాలామంది చెబుతారు గానీ, గోదావరి ఒండ్రు కాలువను పూడ్చేయడమూ అంతే ముఖ్యం. పెద్ద ఓడలు లోపలికి రాలేక వ్యాపారం కాకినాడకు తరలింది. బర్మాకు వలసవెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. తాళ్లరేవు ప్రాంతంలో చెక్క పడవల తయారీ నేటికీ సాగుతోంది.